మడమ దగ్గర గీత

మూడో తరగతి వాచకంలో ఏడో పాఠానికి
బస్తా మోసే మనిషి బొమ్మ కావాలన్నారు.
పోస్టుకార్డంత జాగా.
"కదులుతున్నట్టుండాలి మేడమ్,
నిలబడ్డ బొమ్మలైతే పిల్లలు పేజీ తిప్పేస్తారు."

బ్రాడీపేటలో మేడ మీది గదిలో కూచుని
పదకొండు మందిని గీశాను.
పదకొండు మందీ
ఫొటో స్టూడియోలో ఊపిరి బిగబట్టినట్టు
బస్తాతో సహా ఆగిపోయారు.
వీపు వెనక మూడు గీతలు లాగాను,
గాలి అనుకోమని.
కాళ్లు ఇంకాస్త ఎడం చేశాను.
కాలవ దాటడానికి జంకేవాడిలా
వాడు గట్టు మీదే ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మిర్చి యార్డుకెళ్లాను.
ఫిబ్రవరి. లారీల వరస రోడ్డు దాకా.
ఎర్ర గుట్టల వెనక
నడిచే తలపాగాలు తప్ప ఏమీ కనపడవు.
ముక్కుకి చున్నీ కట్టుకుని
కాటా పక్కన బోర్లించిన గంప మీద కూచున్నాను.
అక్కడ ఎవరూ ఎవరి కోసమూ ఆగరు.
కాగితం మీంచి తలెత్తేలోపు మనిషి ఉండడు,
మనిషి ఉన్న చోట ఘాటు ఉంటుంది.

టీ వేళ ఏసోబు వచ్చి
పుస్తకంలోకి తొంగి చూశాడు.
భుజాన గోనెపీచు, కనురెప్పల మీద ఎర్ర దుమ్ము.
"ఈ గీతలేందమ్మా, వానా?"
వేగం, అన్నాను.
"మాకు ఎనకమాల ఇట్టాంటియ్యి ఉండవే!"
అని నిజంగానే వెనక్కి తిరిగి చూసుకున్నాడు.
తర్వాత నా పదకొండోవాడి మీద వేలు పెట్టాడు.
ముద్ర ఎర్రగా పడింది.
"ఈడు బస్తాని మోస్తన్నాడు.
బస్తాని ఎవురూ మొయ్యరమ్మా.
అది ముందుకి పడబోతా ఉంటది.
దాని కిందకి మనం కాలు తీసకపోయి పెడతాం.
మళ్లా పడబోద్ది. మళ్లా పెడతాం.
లారీ దాకా పడతానే ఉంటాం,
పడకండా."

గ్లాసు కింద పెట్టి
ఉత్త భుజంతో నడిచి చూపించాడు.
లేని బస్తా బరువుకి మెడ ఎడమకి ఒరిగింది.
తువ్వాలు కొస ఇంకా పోయిన అడుగులోనే ఉంది,
మోకాలు అప్పుడే రాబోయే అడుగులోకి దూరింది,
నడుమ ఏసోబు
ఎక్కడున్నాడో పట్టుకోలేకపోయాను.

ఇంతకుముందు ఉన్నవాడి బట్ట,
ఇంకాసేపట్లో ఉండబోయేవాడి కాలు,
ఈ రెండూ గీసి
మధ్యలో కాగితాన్ని నమ్మాలేమో.

పెన్సిలు మొన మొద్దు చేసుకున్నాను.
వాడు వెళ్లే వైపు జాగా ఎక్కువ వదిలాను.
బస్తాని పాదాల కంటే ముందుకి తోశాను.
తువ్వాలు, మెడ, మోకాలు, బాగానే వచ్చాయి.
మడమ దగ్గర,
సరిగ్గా మడమ దగ్గర,
అవతలెవరో ఖాళీ టిక్కీ దులిపారు.
నాలుగు తుమ్ములు.
ముచ్చికలు తీసే ఆడవాళ్లు పకపకా నవ్వారు.
"కొత్త ముక్కు!" అందొకావిడ.
కళ్లు తుడుచుకుని చూస్తే
మడమ గీత నేలని వదిలి
మిరప తొడిమలా వంకర తిరిగి
పైకి లేచి ఉంది.
చెరుపుదామంటే
రబ్బరు ఏ గుట్టలో పడిందో.

ఆఫీసువాళ్లు ఆ చోటు చుట్టూ
ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పంపారు:
గీత చెదిరింది, శుభ్రం చేయగలరు.
శుభ్రంగా ఇంకోటి వేశాను.
వాడు మళ్లీ గట్టు మీదికెళ్లి నిలబడ్డాడు.
పాతదే తిరిగి పంపి
రెండ్రోజులు ఫోనెత్తలేదు.

జూన్‌లో పుస్తకం అచ్చయింది.
సీజను లేదు. యార్డులో కాకులు తిరుగుతున్నాయి.
ఏటుకూరు రోడ్డులో ఓ కోల్డ్ స్టోరేజీ మెట్ల మీద
చలికి ఒళ్లంతా గోనె కప్పుకుని దొరికాడు ఏసోబు.
పేజీ తీసి ఎదురుగా పట్టుకున్నాను.
బాగుందనలేదు. బాలేదనలేదు.
చూస్తూ చూస్తూ లేచి
ఒక అడుగు పక్కకి జరిగాడు,
బరువుతో వచ్చేవాడికి
దారిచ్చినట్టు.